సారు సాక్ష్యం ఎలాంటిది?

ఊరి బడికి కొత్త సారు వచ్చాడంటే క్రైస్తవ కుటుంబాల్లో ముందుగా వినిపించే ప్రశ్న ఆయన బీఈడీ ఎక్కడ చేశాడని కాదు, "సాక్ష్యం ఎలా ఉంది?" అని. ఒంగోలు, కనిగిరి, కందుకూరు, కావలి వైపు సంఘాల్లో ఈ మాటకు కోర్టుతో పనిలేదు. మనిషి నడత మీద నలుగురికీ ఉన్న అభిప్రాయమే సాక్ష్యం. "ఆయనకు మంచి సాక్ష్యం ఉంది" అంటే తాగడు, మాట తప్పడు, ఇల్లాలిని ఏడిపించడు, అప్పు తీసుకుంటే తీరుస్తాడు అని ఒక్క ముక్కలో చెప్పినట్టు. "సాక్ష్యం పోగొట్టుకున్నాడు" అన్నారంటే ఇక వివరాలు అడగక్కర్లేదు.

అడగాల్సిన ప్రశ్నే ఇది. చిక్కల్లా జవాబు వెతికే చోటుతో వచ్చింది. నడత గురించి అడుగుతున్నామనుకుంటూ ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులు మతం గురించి అడుగుతున్నారు. సారు ఏ సంఘానికి వెళ్తాడు, స్కూల్లో పొద్దున్నే ప్రార్థన చేయిస్తారా, కరస్పాండెంటు ఏ పాస్టరు అయ్యగారి తాలూకు? ఈ మూడింటికీ నచ్చిన జవాబు దొరికితే బిడ్డను గేటు దగ్గర వదిలి నిశ్చింతగా వెనక్కి తిరుగుతున్నారు. ఆ నిశ్చింతకు ఎంత ఆధారం ఉందో చూడాలంటే ఈ ప్రాంతంలో పంతులు అనే మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో కాస్త వెనక్కి వెళ్లి చూడాలి.

పంతులూ ఆయనే, ఉపదేశీ ఆయనే

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. పాతికేళ్ల దాకా చేరినవాళ్లు చాలా కొద్దిమంది. ఈ మిషన్‌ను మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకసారి కాదు, పలుసార్లు వచ్చింది. 1866లో రెండు సంగతులు జరిగాయి. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ మిషన్ తరఫున వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొర నెల్లూరు నుంచి ఒంగోలుకు మకాం మార్చాడు. అప్పటికి ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లి, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాలోకి వచ్చింది.

ఒంగోలులో క్లౌ పెట్టిన బడికి మొదట వచ్చింది బ్రాహ్మణ కుటుంబాల పిల్లలు. పేరయ్య వెనక మాదిగలు సంఘంలో చేరడం మొదలవగానే ఆ ఇళ్ల పెద్దలు అభ్యంతరం చెప్పారు. వీళ్లను రానిస్తే మా పిల్లల్ని పంపం అన్నారు. అక్కర్లేదనుకోవడానికి వీల్లేని మనుషులు, జిల్లాలో పలుకుబడి ఉన్నవాళ్లు. క్లౌ దంపతులు ఎంతో మథనపడ్డారు. జ్ఞానులను సిగ్గుపరచడానికి దేవుడు వెర్రివారిని ఏర్పరచుకున్నాడని చెప్పే కొరింథీ పత్రిక మొదటి అధ్యాయమే ఇద్దరికీ విడివిడిగా కళ్లబడిందని ఆ తర్వాత క్లౌ రాసుకున్నాడు. మాదిగలను రానిచ్చారు. పై కులాల పిల్లలు వెళ్లిపోయారు. ఈ ప్రాంతంలో "ఆ సారు ఎలాంటివాడు?" అన్న ప్రశ్నకు దొరికిన తొలి జవాబుల్లో ఇదొకటి. ఎవరి పిల్లల్ని వదులుకోవడానికి ఆయన ఒప్పుకోలేదన్నదే అక్కడ ఆయన సాక్ష్యం.

1876లో మొదలైన కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సండే స్కూల్లో ఈ అంకె వినకుండా పెరిగిన పిల్లలు ఒంగోలు ప్రాంతంలో తక్కువ. అయితే ఆ తర్వాత ఏం జరిగిందన్నది అంతగా చెప్పుకోరు. ఒక్కసారిగా ఇన్ని పల్లెలు సంఘంలోకి వస్తే పల్లెకొకణ్ణి పంపాలి. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం. రామాయపట్నంలో పెట్టిన సెమినరీ, అంటే బోధకుల శిక్షణ బడి, ఇలాంటి మనుషుల్నే తయారు చేసింది. చదువు కొంచెమే ఉన్నా చాలామందిని పంపక తప్పలేదు.

చదువు తక్కువైనా ఆ పంతుళ్లు నిలబడ్డారంటే కారణం వాళ్లు ఉన్న చోటు. పంతులు పల్లెలోనే ఉండేవాడు. ఆయన వంటింటి పొగ అందరికీ కనిపించేది, రాత్రి ఆయన ఇంట్లో గొంతు పెరిగితే పక్కింటికి వినిపించేది. కొత్తగా చేరినవాళ్లకు మిషన్ పెట్టిన షరతులు కూడా మూడే: ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మూడూ కంటికి కనబడే పనులు. పంతులు వాటిని పాటిస్తున్నాడో లేదో తెలుసుకోవడానికి ఎవరూ విచారణ జరపనక్కర్లేదు. తప్పితే ప్రభు బల్ల, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం, నుంచి ఆపేవారు. అంటే ఆనాటి తల్లిదండ్రులు పంతుల్ని నమ్మింది ఆయన క్రైస్తవుడని కాదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా కళ్లముందు ఉన్నాడు కాబట్టి నమ్మారు.

అలా కళ్లముందు ఉండటం ఇప్పుడు లేదు. సారు ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో బండి మీదో బస్సులోనో వస్తాడు, నాలుగున్నరకు వెళ్లిపోతాడు. ప్రైవేటు స్కూల్లో అయితే ఏడాదికొకరు మారతారు. పొదిలి, కొనకనమిట్ల వైపు వానల్లేక హైదరాబాదుకో బెంగళూరుకో పనులకు పోయే కుటుంబాలు పిల్లల్ని హాస్టల్లో వదిలి వెళ్తాయి. చూడటానికి కుదరని చోట మతం పేరు మీద నమ్మకం పెట్టుకున్నారు. పాత నమ్మకం మిగిలింది, దాన్ని నిలబెట్టిన చూపు మిగల్లేదు.

బొట్టు, గాజులు, సినిమా

దగ్గర్నుంచి చూసే వీల్లేనప్పుడు మనిషి గుర్తుల్ని వెతుక్కుంటాడు. టీచరమ్మ బొట్టు పెట్టుకుంటుందా, మెడలో గొలుసు వేస్తుందా, సారు వాళ్లింట్లో టీవీ ఉందా, యాన్యువల్ డేకి సినిమా పాటలకు డాన్సు చేయించారా? కొన్ని సంఘాల్లో నగలు, బొట్టు లేకపోవడం భక్తికి ఆనవాలు. ఆ సంఘం వాళ్లు తమ వరకు దాన్ని పాటించుకోవడం వాళ్ల ఇష్టం, వాళ్ల విశ్వాసం. కానీ బిడ్డకు లెక్కలు చెప్పే మనిషి నడతను దాంతో కొలిస్తే కొలత తప్పుతుంది.

ఈ కొలత ఆడవాళ్ల మీద మరీ బరువుగా పడుతుంది. భర్తతో విడిపోయిన టీచరు, మళ్లీ పెళ్లి చేసుకున్న టీచరు, ఒంటరిగా అద్దెకుంటున్న టీచరు ఏ తప్పూ చేయకుండానే సాక్ష్యం పోగొట్టుకుంటారు. అదే స్కూల్లో పిల్లాడి వీపు మీద స్కేలు విరిగేలా కొట్టిన మగ సారు ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటే, "స్ట్రిక్టు మనిషి, కానీ మంచి ప్రార్థనాపరుడు" అంటారు. ఇంతకంటే అన్యాయమైన తూకం ఉండదు. శాస్త్రుల గురించీ పరిసయ్యుల గురించీ యేసు చెప్పిన మాట మత్తయి 23లో ఉంది: వాళ్లు చెబుతారే గానీ చేయరు. గమనించాల్సిందేమిటంటే ఆ అధ్యాయంలో ఆయన తప్పుపట్టింది బయటి గుర్తుల విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉన్న బోధకుల్నే.

మరి దేన్ని చూడాలి? సారు నడతలోని లోపాలన్నీ ఒక్క రకం కావు. అన్నిటినీ ఒకే గంపలో వేసినందువల్లే చిన్నవాటి మీద గొడవ, పెద్దవాటి మీద మౌనం జరుగుతున్నాయి. సారు ఇంట్లో ఏం తింటాడు, ఏ పండగ చేసుకుంటాడు, ఎవర్ని పెళ్లాడాడు అనేవి ఆయన సొంత బతుకు. తల్లిదండ్రులకు అందులో అభిప్రాయం ఉండొచ్చు, ఫిర్యాదు ఉండకూడదు. పిల్లల కళ్లముందు ఆయన చేసేది వేరు. పిల్లలకు ఆయన చేసేది మరీ వేరు.

తాగుడునే తీసుకుందాం. పెళ్లిలో తాగిన సారుకు పాస్టరుగారు సంఘంలో బుద్ధి చెప్పుకోవచ్చు. మధ్యాహ్నం తాగి క్లాసుకొచ్చిన సారు సంగతి అలా కాదు. అది బడి సమస్య, ఆ రోజే హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లాల్సిన సమస్య. ప్రభుత్వ టీచర్లకు 1964 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమాలు వర్తిస్తాయి. ఉద్యోగానికి తగని ప్రవర్తన, డ్యూటీలో మత్తులో ఉండటం, భార్య బతికుండగా ఇంకో పెళ్లి అన్నీ వాటి కింద చర్యకు అర్హమైనవే. నెల్లూరు జిల్లాలో ఈ మాట మరింత గట్టిగా చెప్పుకోవచ్చు. 1990ల మొదట్లో ఇక్కడ రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే, పాఠంలో సారా సంగతి చదివి, దూబగుంటలో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. చదువు చెప్పే చోట తాగుడును సహించబోమని ఈ జిల్లా ఆడవాళ్లకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

స్లిప్పు అందించిన చెయ్యి

క్రైస్తవ తల్లిదండ్రులు దాదాపుగా ఎప్పుడూ ఫిర్యాదు చేయని తప్పు ఒకటుంది. పదో తరగతి పరీక్షల్లో సారే జవాబులు చెప్పడం, లేదా స్లిప్పులు లోపలికి వెళ్తుంటే చూడనట్టు ఊరుకోవడం. అన్ని స్కూళ్లలో, అందరు సార్లూ చేసే పని కాదిది. కానీ జరిగిన చోట తల్లిదండ్రులు సంతోషపడతారు. కొందరు "దేవుడు దారి చూపించాడు" అని ఆదివారం కృతజ్ఞత కానుక కూడా వేస్తారు. బిడ్డ మాత్రం ఆ హాల్లో ఒక పాఠం చాలా స్పష్టంగా నేర్చుకుంటాడు: పట్టుబడకపోతే తప్పు కాదు. పదేళ్లపాటు సండే స్కూల్లో కంఠతా పట్టిన పది ఆజ్ఞల్ని ఒక్క మధ్యాహ్నం చెరిపేస్తుంది అది. పూర్తిగా నేర్చుకుని సిద్ధుడైన ప్రతివాడూ తన బోధకునివలె ఉంటాడని లూకా సువార్త ఆరో అధ్యాయం చెబుతుంది. ఈ మాటను నిజంగా నమ్మే తల్లికి స్లిప్పు అందించిన సారు, సినిమాకెళ్లిన సారు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టాలి.

ఇలాంటిదే ట్యూషన్ వ్యవహారం. తన దగ్గర ట్యూషన్‌కు రాని పిల్లల్ని క్లాసులో చిన్నచూపు చూసే సారు ఉంటాడు. టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. తల్లిదండ్రులు మాత్రం ఫీజు కట్టి, ఊరుకుంటారు. అడిగితే మార్కులు తగ్గుతాయన్న భయం.

ఫారంలో 'మతం' గడి

ఇక్కడ ఒక కాగితాన్ని దగ్గరగా చూడాలి. స్కూల్లో చేర్చేటప్పుడు ఇచ్చే అప్లికేషన్‌లో పేరు, తండ్రి పేరు తర్వాత రెండు గడులు పక్కపక్కనే ఉంటాయి: మతం, కులం. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోని క్రైస్తవుల్లో ఎక్కువమంది మాదిగ, మాల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వస్తారు, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. స్కాలర్‌షిప్పు, హాస్టల్ సీటు, రేపటి ఉద్యోగం అన్నీ ఆ రెండు గడుల మీద ఆధారపడి ఉన్నాయి. కలం పట్టుకున్న తండ్రి చెయ్యి అక్కడ ఆగుతుంది. బడి రిజిస్టర్లో ఒక పేరు, సంఘం రిజిస్టర్లో ఇంకో పేరు ఉన్న పిల్లలు ఈ జిల్లాల్లో ఎందరో.

ఈ చట్టం న్యాయమైనదా అన్నది పెద్ద చర్చ. ఇక్కడ ప్రశ్న బల్లకు అవతలివైపు కూర్చున్న మనిషి గురించి. ఒక సారు ఆ క్షణంలో తలొంచుకుని ఫారం తీసుకుంటాడు. ఇంకొకాయన క్లాసులో అందరి ముందూ "ఏరా, ఆదివారం చర్చి, సోమవారం ఎస్సీనా?" అంటాడు. ఆ మాట అన్నది మంచి చదువున్నవాడే కావచ్చు, పాఠం బాగా చెప్పేవాడే కావచ్చు. బిడ్డ మాత్రం ఇంటికొచ్చి అన్నం తినడు. నడత అంటే ఇదే. తన చేతిలో అధికారం ఉండి, ఎదుటివాడు ఏమీ అనలేని చోట సారు ఎలా ఉన్నాడన్నది.

క్లాసు ఊడ్చడానికి, బాత్రూములు కడగడానికి ఎవరి పిల్లల్ని లేపుతున్నారో చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. వంతులవారీగా అందరూ చేస్తే అది బడి పని. రోజూ ఆ నలుగురే చేస్తుంటే, ఆ నలుగురూ మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చేవాళ్లే అయితే, అది వేరే సంగతి. మిషన్ పేరు మోస్తున్న స్కూళ్లలోనూ కులం పోలేదు. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు అని ఆదివారం విడిపోయే మనుషులు సోమవారం స్టాఫ్ రూములో ఒక్కటైపోరు. క్లౌ దొర బడి ఖాళీ అయినా ఫర్వాలేదనుకున్న ఒంగోలుకు ఇది గుర్తుచేయాల్సి రావడం బాధాకరం.

సారు క్రైస్తవుడు కాకపోతే

చాలా ఊళ్లలో సారు హిందువో ముస్లిమో అయి ఉంటాడు. కొంతమంది తల్లిదండ్రులకు ఇదే ఒక దిగులు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఈ దిగులున్న ఇంట్లో నెమ్మదిగా చదవాల్సినది. నలుగురు యూదా కుర్రాళ్లను బబులోనుకు తీసుకెళ్లారు, పేర్లు మార్చారు, కల్దీయుల భాషా విద్యా నేర్పించారు. వాళ్లు ఆ గురువుల దగ్గర చదువుకోబోమని మొండికేయలేదు. శ్రద్ధగా చదివి అందరికంటే ముందున్నారు. రాజు భోజనం విషయంలో మాత్రం తమను బలవంతపెట్టవద్దని అధికారిని మర్యాదగా అడిగారు. గురువు మతం వాళ్లకు అడ్డు రాలేదు, తమ మనస్సాక్షికి అడ్డొచ్చినచోట నోరు విప్పారు.

మన రాజ్యాంగం 28వ అధికరణం ఇందుకు దారి చూపిస్తుంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మైనరును మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదు. సరస్వతి పూజ రోజున పిల్లను పక్కన నిలబడనివ్వమని టీచరును అడగడానికి ఇది చాలు. కోపంగా అడగనక్కర్లేదు. కేరళలో యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లల్ని జాతీయగీతం పాడనందుకు బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. పాట పాడకపోయినా గౌరవంగా లేచి నిలబడ్డారన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

ఈ అధికరణం రెండువైపులా పనిచేస్తుంది. క్రైస్తవ స్కూల్లో చదివే హిందూ పిల్లను ప్రార్థనకు బలవంతపెట్టే టీచరు కూడా తప్పు చేస్తున్నట్టే. తమ బిడ్డకు కావాలనుకున్న మర్యాదను పక్క బిడ్డకు ఇవ్వని స్కూలును క్రైస్తవ తల్లిదండ్రులే ముందుగా ప్రశ్నించాలి. ఇక పాతికేళ్లు ఒకే ఊళ్లో పనిచేసి, మధ్యలో మానేసిన పిల్లల ఇళ్లకు నడిచి వెళ్లి వెనక్కి తెచ్చిన హిందూ మాస్టార్లు ఈ జిల్లాల్లో ఎందరున్నారో మాదిగపల్లెల్లో అడిగితే చెబుతారు. వాళ్ల సాక్ష్యానికి సంఘం సర్టిఫికెట్ అవసరం లేదు.

"క్షమించాలి కదా"

ఇప్పుడు అన్నింటికంటే కష్టమైన సంగతి. బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసిన టీచరు, వార్డెను, సండే స్కూలు అన్న. ఇలాంటిది బయటపడ్డప్పుడు సంఘంలో మూడు మాటలు వినిపిస్తాయి: క్షమించాలి కదా, సంఘం పరువు పోతుంది, విశ్వాసులు కోర్టుకెక్కకూడదు. మూడింటికీ వాక్యం చూపిస్తారు. అందుకే వాక్యంతోనే వాటిని పరీక్షించాలి.

కొరింథీ మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు మాట్లాడింది సహోదరుల మధ్య వ్యాజ్యాల గురించి. వాటిని ఆయన అల్పమైన సంగతులు అన్నాడు. నష్టం సహించమన్నది నష్టపోయిన పెద్దమనిషికి. పసిబిడ్డను చెరచడం అల్పమైన సంగతి కిందకు ఏ లెక్కన రాదు. కీడు చేసేవాణ్ణి శిక్షించడానికే అధికారి ఖడ్గం ధరించాడని రోమా పత్రిక 13లో అదే పౌలు రాశాడు. క్షమాపణ బాధపడ్డవాళ్లు ఇవ్వాల్సింది. బిడ్డ తరఫున పెద్దలు కమిటీ వేసి ఇచ్చేది క్షమాపణ కాదు, రాజీ. పరువు గురించి చెప్పాలంటే యాజకుడైన ఏలీ కథ ఉంది. కొడుకులు ప్రత్యక్ష గుడారం దగ్గరే స్త్రీలతో తప్పు చేస్తున్నారని ఏలీకి తెలుసు. మందలించాడు కూడా. కానీ అడ్డుకోలేదు. సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం ఆయన మీద మోపిన నేరం అదే, అడ్డుకోకపోవడం.

చట్టం ఇంకా సూటిగా ఉంది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరైనా, కరస్పాండెంటైనా, సంఘ పెద్దైనా మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ అధిపతే దాచిపెడితే ఏడాది దాకా. నేరం చేసినవాడు విద్యాసంస్థలోనో మతసంస్థలోనో పనిచేసేవాడైతే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా లెక్కిస్తారు. తల్లిదండ్రుల భయాలకు కూడా అందులో జవాబుంది. బిడ్డను స్టేషన్‌కు తిప్పనక్కర్లేదు, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవచ్చు. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు మహిళా అధికారి ఉండాలి. బిడ్డ పేరు బయటపెట్టకూడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా మొదలవుతుంది.

ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే సంఘ పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దన్న తిమోతి పత్రిక మాటను ఇక్కడ వాడతారు. సారు సొంత బతుకు మీద వచ్చే పుకార్ల విషయంలో ఆ మాట బంగారం. ఎన్నో మంచి పేర్లను అది కాపాడింది. కానీ బిడ్డకు జరిగే హానికి బయట సాక్షులు ఉండరు. తలుపు మూసి ఉంటుంది. నిజమో కాదో తేల్చే పని తల్లిదండ్రులదీ కాదు, సంఘానిదీ కాదు. చెప్పడం వాళ్ల పని, తేల్చడం పోలీసుల, కోర్టు పని.

అడగడానికి చోటు ఎక్కడ

ప్రభుత్వ బడిలో అడగడానికి ఒక చోటుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు పెట్టింది. మీటింగ్ అంటే కూలి పోతుందన్నది నిజమే. మిరప కోతల్లోనో పొగాకు పనుల్లోనో ఉన్న తల్లికి ఒక పూట అంటే చేతికొచ్చే డబ్బు. అయినా నలుగురు తల్లులు మాట్లాడుకుని ఇద్దరు వెళ్లొచ్చు.

అసలు లోటు మైనారిటీ స్కూళ్లలో ఉంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ స్కూళ్లకు వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు సభ్యుల ధర్మాసనం ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని అభిప్రాయపడి విషయాన్ని పైకి పంపింది. సొంత విద్యాసంస్థల్ని నడుపుకోవడానికి మైనారిటీలకు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కును కాపాడుకోవడం క్రైస్తవులకు ముఖ్యమే. కానీ దాని అర్థం ఏమిటో తల్లిదండ్రులు గ్రహించాలి. వాళ్లు ఎక్కువగా నమ్మే స్కూల్లోనే చట్టం కోరే తల్లిదండ్రుల కమిటీ ఉండకపోవచ్చు. చట్టం అడగని చోట తామే అడగాలి. ట్రస్టు పేరుతో నడిచే హోమ్‌లో బిడ్డను పెడుతుంటే, అది 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్టర్ అయిందా అని అడగడం తప్పు కాదు, అవిశ్వాసం అసలే కాదు. జవాబు చెప్పడానికి కరస్పాండెంటు నొచ్చుకుంటే ఆ నొచ్చుకోవడం కూడా ఒక సమాచారమే.

ధర్మశాస్త్రం మనకు బాలశిక్షకుడైందని గలతీ పత్రికలో ఉంది. బాలశిక్షకుడు అని మన బైబిల్లో ఉన్న మాటకు గ్రీకులో అసలు అర్థం పాఠం చెప్పేవాడని కాదు. పిల్లవాణ్ణి ఇంటి నుంచి బడికి తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి తెచ్చే పనివాడు. దారిలో వాడి నడత చూసేవాడు, బడిలో ఏం జరిగిందో ఇంట్లోవాళ్లకు చెప్పగలిగినవాడు. పల్లెలో పంతులు ఉన్నన్నాళ్లూ ఊరే ఆ పని చేసింది. ఇప్పుడు ఆ దారంతా పిల్లలు ఒంటరిగానే నడుస్తున్నారు.

హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్న పొదిలి తల్లి ఆదివారం సాయంత్రం వార్డెను ఫోనుకు కాల్ చేస్తుంది. వార్డెను పక్కనే నిలబడతాడు. "బాగున్నావా?" అంటే "బాగున్నా" అంటుంది పిల్ల. "అన్నం తింటున్నావా?" "తింటున్నా." "సారు బాగా చూస్తున్నాడా?" "ఆఁ." అంతటితో ఫోన్ పెట్టేస్తారు. ఆ తల్లి చేయగలిగింది ఒకటుంది. రెండు నెలలకోసారి వచ్చినప్పుడు బిడ్డను గేటు బయటకు, వేపచెట్టు కిందకో బస్టాండు టీ కొట్టు దగ్గరికో తీసుకెళ్లి, టిఫిన్ క్యారియర్ విప్పి, గంటసేపు ఏమీ అడగకుండా కూర్చోవాలి. పిల్ల తనంతట తానే మొదలుపెడుతుంది.